పురుగుల దాణా, నా ఘనమైన ప్రయోగం

ఈమధ్య ఒక సభకు పిలిచి, కుర్ర పశువైద్యులు కొందరు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. ఆపైన కోళ్ల దాణాలో పురుగులు కలపడమనే సరికొత్త ఆలోచన గురించి గంటసేపు చెప్పారు. తెర మీద తెల్లటి పురుగుల బొమ్మలు ఇంతింత లావున వేసి చూపించారు. భోజనాలకు ముందు అవి వేసిన వాళ్ల ధైర్యాన్ని నేను మెచ్చుకున్నాను. చివర్లో ఒకాయన నన్ను చూపించి, "పోలీసు చర్య రోజుల్లోనే మన సికిందరాబాదులో ఈ ప్రయోగాలు చేసిన మహానుభావులు వీరు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాను. అవి నాకు చెందిన చప్పట్లు కావని చెప్పే అవకాశాలు నా ఉద్యోగంలో చాలా వచ్చాయి. అన్నిటినీ జాగ్రత్తగా పోగొట్టుకున్నాను.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే, ఆ ప్రయోగం కథ ఉన్నదున్నట్టు మీ తరానికి చెప్పాలనిపించింది. ఉద్యోగంలో ఉన్నవాడు నిజం చెప్తే ప్రమోషన్ ఆగుతుంది. పెన్షన్ తీసుకునేవాడు చెప్తే ఆగడానికి ఏమీ ఉండదు. అందుకే రిటైరైన వాళ్లందరూ హఠాత్తుగా నిజాయితీపరులవుతారు. నన్నూ ఆ జాబితాలోనే వేసుకోండి.

అప్పట్లో తిరుమలగిరి దండుకు, అంటే కంటోన్మెంటుకు, కూతవేటు దూరంలో సర్కారు వారి కోళ్ల ఫారం ఒకటి ఉండేది. తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు. గుడ్లు ఆసుపత్రులకూ, దండులోని మెస్సులకూ వెళ్లేవి. నేను అక్కడ స్టాక్ అసిస్టెంటును. అంటే డాక్టరు లేనప్పుడు డాక్టరును, నౌకరు రానప్పుడు నౌకరును. ఇంటర్మీడియెట్ సైన్సు చదివాను. కోళ్ల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం నా దగ్గర ఉండేది. ఫారం మొత్తానికి ఆ పుస్తకం చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, అందులో ఏముందో నేను ఎంత చెప్తే అంత.

ఫారాన్ని నిజంగా నడిపింది మాత్రం కోళ్ల జమాదారు. దూదేకుల సాయిబు, యాభై దాటిన మనిషి, రెజిమెంటల్ బజార్‌లో ఒక గల్లీలో కాపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను చాచా అని పిలిచేవాణ్ని. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఏ కోడి పొద్దున నీళ్లు తాగలేదో చెప్పేవాడు. ఎలా తెలిసిందని అడిగితే, "నీకు ఆకలైతే నీ మొకం సూసి మీ అమ్మకు ఎర్క అయితదా లేదా, గట్లనే" అనేవాడు. మనుషులతో మాత్రం అంత ఓపిక ఉండేది కాదు. నోరు పదును. ఆ పదును ఎక్కువగా నా మీదే సానబట్టేవాడు.

పోలీసు చర్యకు ముందు కొన్ని నెలలపాటు సరిహద్దుల్లో సరుకుల బళ్లు ఆగిపోయాయి. నిజాం రాజ్యానికి ఇండియన్ యూనియన్ వాళ్లు ఏమీ రానివ్వడం లేదు. కోస్తా నుంచి గూడ్సు బండిలో వచ్చే ఎండుచేపల పొడి కూడా రాలేదు. గింజలు ఎన్ని వేసినా కోడికి మాంసకృత్తులు అందకపోతే గుడ్డు పెట్టదు. రజాకార్లు రోడ్డు మీద కవాతు చేసినా, ఢిల్లీలో వాళ్లు హెచ్చరికలు పంపినా దానికి పట్టదు. మా కోళ్లు రాజకీయాలతో నిమిత్తం లేకుండా గుడ్లు మానేశాయి. అప్పటి సూపరింటెండెంట్ సాబ్ ఆసుపత్రి వాళ్లకేం చెప్పాలో తెలియక, రోజుకు రెండు పూటలా నన్ను పిలిచి నీ పుస్తకంలో ఏముందని అడిగేవాడు. పుస్తకంలో ఎండుచేపల పొడి వేయమని ఉంది.

దారి చూపింది చాచా. దండులో గుర్రపు లద్దెకు కరువు లేదు. షెడ్ల వెనక వెడల్పాటి గుంతలు తవ్వి, లద్దెలో తడి తవుడు కలిపి పోశాడు. ఈగలు వచ్చి వాటి పని అవి చేసుకుపోయాయి. నాలుగైదు రోజులకు గుంతంతా తెల్లగా కదలసాగింది. ఆ పురుగుల్ని జల్లెడ పట్టి, ఒక పూట పొడి తవుడులో వదిలి, అప్పుడు దాణాలో కలిపాడు. కోడిపిల్లలకు మాత్రం చెదలు. పాత కుండల్లో గడ్డీ లద్దె కూరి, తడిపి, చెదలు తిరిగే నేల మీద బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండేది. సూపరింటెండెంట్ సాబ్ ఒకసారి గుంతలోకి తొంగిచూసి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది నేను చూడలే. గుడ్లు మాత్రం రావాలె" అని వెళ్లిపోయాడు. గుడ్లు వచ్చాయి. పెద్ద మనుషులు పొద్దున్నే ఆమ్లెట్లు తిన్నారు. ఆ ఆమ్లెట్ల పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగలేదు.

ఒకరోజు చాచాను నేనే అడిగాను.

"చాచా, గీ గుంతలు తవ్వుడు, తవుడు కలుపుడు, ఇంత మెహనత్ ఎందుకు? చచ్చిన మేకనో కుక్కనో ఒక మూలకు పడేస్తే రెండు దినాలల్ల కుప్పలు కుప్పలు పురుగు పుడ్తది కద."

"అది వద్దు బిడ్డా. చచ్చిన దాంట్ల పుట్టిన పురుగు కోడికి వెయ్యొద్దు."

"ఎందుకు?"

"మెడలు వాలుస్తయ్."

"అదే, ఎందుకు వాలుస్తయ్?"

"గది నాకేం ఎర్క? మా అమ్మ వెయ్యకపోతుండె, నేను వెయ్య. ఎందుకనేది నీ కితాబుల సూస్కో."

చూసుకున్నాను. కితాబులో లేదు. కితాబులో లేనిది లోకంలో ఉండదని నమ్మే వయసు నాది. మాంసకృత్తు అంటే మాంసకృత్తే, అది లద్దెలో పుట్టిందా పీనుగలో పుట్టిందా అని కోడి పొట్ట కూపీ లాగదని నాకు నేనే ఒక సిద్ధాంతం రాసుకున్నాను. చాచా మాటను ముసలమ్మల మాటల్లో కలిపేశాను.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. జెండా మారింది, ఆఫీసు బల్ల మీద కాగితాల భాష మారింది, నిన్నటిదాకా కవాతు చేసినవాళ్లు నడవడం కూడా మర్చిపోయారు. సూపరింటెండెంట్ సాబ్ ఒక ఉదయం రాలేదు, మళ్లీ ఎప్పుడూ రాలేదు. నౌకర్లలో సగం మంది ఊళ్లకు పోయారు. చాచా మాత్రం రోజూ రెజిమెంటల్ బజార్ నుంచి నడిచి వచ్చేవాడు. దారిలో రెండుచోట్ల ఆపి ప్రశ్నలు వేసేవాళ్లట. "కోళ్లకు దాణా వెయ్యాలె అని చెప్పిన. నవ్వి ఇడిసిపెట్టిండ్రు" అన్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

మద్రాసు రాష్ట్రం నుంచి కొత్త ఆఫీసరుగారు వచ్చారు. తెల్ల ప్యాంటు, చేతిలో చిన్న నోటు పుస్తకం, చదువుకున్న కోస్తా తెలుగు. మొదటి రోజే షెడ్లన్నీ తిరిగి, చేపపొడి లేకుండా ఇన్ని గుడ్లేమిటని ఆశ్చర్యపోయారు.

"ఎలా సాధించారయ్యా ఇది?" అన్నారు.

చాచా పక్కనే జల్లెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "నేనొక పద్ధతి డెవలప్ చేసిన సార్" అన్నాను. ఆఫీసరుగారు నోటు పుస్తకంలో నా పేరు రాసుకున్నారు. జల్లెడ పట్టుకున్న మనిషి పేరు ఎవరు రాసుకుంటారు?

సాయంత్రం చాచా చేతులు కడుక్కుంటూ, "డెవలప్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు.

"అంటే... పెంచుడు చాచా."

"ఔ మల్ల. పురుగులను పెంచింది నేను, డెవలప్ చేసింది నువ్వు. మంచిగున్నది" అని తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఆఫీసరుగారు ఒక శుభవార్త చెప్పారు. దండు నుంచి ఒక పెద్ద సైన్యాధికారి ఫారం చూడటానికి వస్తున్నాడట. గుడ్లు ఇంకా పెరగాలి, పురుగుల పద్ధతి కళ్లారా చూపించాలి. "పురుగు ఉత్పత్తి రెట్టింపు చేయగలవా?" అన్నారు. చేయగలనన్నాను. చేయలేనని చెప్పడం నా పుస్తకంలో లేదు.

సరిగ్గా అప్పుడే చాచా సెలవు అడిగాడు. ఆయన ఒక్కగానొక్క కూతుర్ని బీదర్ వైపు ఒక పల్లెలో ఇచ్చారు. సైన్యం వచ్చిన తర్వాత ఆ వైపు ఊళ్లలో సాయిబుల ఇళ్ల మీద ఏం జరుగుతున్నదో బజారంతా గుసగుసగా చెప్పుకునేవాళ్లు. కూతురి దగ్గర నుంచి కబురు లేదు. "నాలుగు దినాలల్ల వస్త. గుంతలు జెర సూస్కో బిడ్డా" అని నా చేతిలో జల్లెడ పెట్టాడు.

నాలుగు రోజులు దాటాయి. ఆయన రాలేదు. గుంతలు చూసుకునే ఓపిక నాకు లేదు. లద్దె సరిగ్గా కలపలేదు, పురుగు పలచబడింది. పెద్దాయన వచ్చే రోజు దగ్గర పడుతున్నది. అప్పుడే దండులో ఒక సామాను మోసే కంచరగాడిద చచ్చిపోయింది. పూడ్చే పని తప్పుతుందని సిపాయిలు సంతోషంగా దాన్ని ఈడ్చుకొచ్చి, మా ఫారం వెనక పాడుబడిన సున్నపు గుంతలో పడేసి వెళ్లారు. నేను పైన ముళ్లకంప కప్పాను. ఆఫీసరుగారికి చెప్పలేదు. ఎండలు బాగా ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే గుంతలో నా సిద్ధాంతం లావుగా, తెల్లగా, కుప్పలు కుప్పలుగా పండింది. అంత చక్కటి పురుగును నేను అంతకు ముందు చూడలేదు. నాలుగైదు నీళ్లు మార్చి కడిగాను. కడిగితే అన్నీ పోతాయని మనకు చిన్నప్పటి నుంచీ చెప్తారు కదా.

తొమ్మిదో రోజు సాయంత్రం చాచా తిరిగొచ్చాడు. కూతుర్నీ, ఇద్దరు మనవళ్లనూ వెంట తెచ్చి ఇంట్లో దింపి, ఇంట్లో కూర్చోలేక ఫారానికి వచ్చాడట. అల్లుడు రాలేదు. ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తెల్లారి దాణా వేళకు వచ్చి, నేను కలిపి పెట్టిన తొట్టి ముందు నిలబడ్డాడు. పిడికెడు తీసి వాసన చూశాడు.

"ఏడిది ఈ పురుగు? లావుగున్నది."

ఆ నిమిషాన నిజం చెప్తే ఏమయ్యేది? తిట్టేవాడు. దాణా పారబోయించేవాడు. మర్నాడు పెద్దాయన ముందు చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అంతకంటే అసలు సంగతి ఇంకొకటి ఉంది: కోళ్లు బ్రహ్మాండంగా గుడ్లు పెట్టాక, అది పీనుగ పురుగేనని చెప్పి ఆయన మొహం చూడాలని నాకు సరదాగా ఉండేది.

"మన గుంతలదే చాచా. తవుడు ఎక్కువేసిన" అన్నాను.

"తొమ్మిది దినాలాయె కంటికి నిద్ర లేక. ముక్కు సుత పనిచేస్తలేదు. నువ్వన్నవంటే సరే" అని గంప ఎత్తుకుని ఒక్కో షెడ్డుకూ తిరిగి తన చేతులతో వేశాడు. చాచా గొంతు విని కోళ్లు ఎగబడి తిన్నాయి. ఆయన తొమ్మిది రోజులు కనబడలేదని వాటికి బెంగ.

మరుసటి పొద్దున షెడ్డు తలుపు తీస్తే చప్పుడు లేదు. కోళ్లన్నీ నేల మీద పడి ఉన్నాయి. చాలావరకు చావలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూస్తున్నాయి, కానీ మెడ నిలబడటం లేదు. ముక్కు మట్టిలో ఆనించి, తాడు ముక్కలా మెడ చాచి పడుకున్నాయి. చాచా చతికిలబడి ఒకదాని మెడను వేలితో ఎత్తాడు. వేలు తీయగానే పడిపోయింది. ఇంకొకటి ఎత్తాడు. నా వైపు తిరిగి, మెల్లగా, "పీనుగదా?" అని అడిగాడు. నేను షెడ్డు కప్పు వైపు చూశాను.

ఆఫీసరుగారు పరుగున వచ్చారు. ఆయన్ను నేను తప్పుపట్టను. తెలివైనవాడు, లెక్క చక్కగా కట్టాడు: ఈ మనిషి సాయిబు, బీదర్ వైపు వెళ్లాడు. మొన్న సాయంత్రం వచ్చాడు. నిన్న తన చేత్తో దాణా వేశాడు. ఇవాళ కోళ్లు పడిపోయాయి, ఇవాళే సైన్యాధికారి వస్తున్నాడు, ఆ గుడ్లు సైన్యం మెస్సుకు వెళ్తున్నాయి. ఇంకేం కావాలి?

"దాణాలో ఏం కలిపావు?" అని చాచాను అడిగారు.

"కలిపింది నేను కాదు సాబ్. ఏసింది నేను. కలిపింది ఈ పిలగాడు. పురుగు ఏడిదో ఈయన్నడుగుండ్రి."

ఆఫీసరుగారు నావైపు తిరిగారు. పక్కన ఆయన పిలిపించిన ఇద్దరు పోలీసులు ఉన్నారు.

"మామూలు గుంతల పురుగే సార్" అన్నాను.

ముందు రోజు చెప్పింది అబద్ధం. దాన్ని తెలివితక్కువతనం అని సర్దుకోవచ్చు. ఈ రోజు చెప్పింది మాత్రం తెలిసి, చూసి, ఒక మనిషి మెడకు చుట్టిన మాట. ఇంత కాలం గడిచినా దానికి ఇంకో పేరు నాకు దొరకలేదు. చాచాను తీసుకెళ్లారు. పోతూ పోతూ ఆయన బతికున్న కోళ్లకు నీళ్లు పట్టమని ఎదురుగా ఉన్న స్వీపరుకు చెప్పాడు.

సైన్యాధికారి పర్యటన రద్దయింది. కుట్ర జరిగిందని ఆఫీసరుగారు పైకి రిపోర్టు పంపారు. నేను ఇంటికెళ్లి అన్నం తిన్నాను. తినలేకపోయానని రాస్తే బాగుంటుంది కానీ, తిన్నాను.

మర్నాడు చాచా భార్య ఫారం గేటు దగ్గరికి వచ్చింది. వెంట కూతురు, చంకలో పిల్లాడు. చాచాను చూడటానికి స్టేషన్లో ఒప్పుకోలేదట. అందుకని ఆయన నా గురించి ఏమీ చెప్పే వీలు లేకపోయింది. ఆమెకు తెలిసిందల్లా నేను చదువుకున్నవాణ్నని.

"నాయినా, నీకు ఇంగ్లీషు వస్తది. దొరకు ఒక అర్జీ రాసియ్యి. మా ఆయన కోళ్లకు ఇసం పెట్టే మనిషి కాదని రాయి. గిప్పుడు ఇంట్ల అయిదుగురం అయినం, ఆయన నౌకరీ పోతే మేం ఏడికి పోవాలె? అది సుత రాయి."

రాశాను. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు. ఆయన సర్వీసు, ఆయన నిజాయితీ, సరుకులు రాని రోజుల్లో ఆయన పడిన కష్టం, వితంతువైన కూతురు, పసివాళ్లు, అన్నీ రాశాను. అల్లుడి సంగతి ఆమె అప్పుడే చెప్పింది. రెండు పేజీలు నిండాయి. ఒక్క వాక్యం తప్ప అన్నీ ఉన్నాయి. ఆమె కింద వేలిముద్ర వేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "నీ కడుపు సల్లగుండ" అంది. నాకు నేల చీలి మింగితే బాగుండుననిపించింది. నేల సర్కారుది, అటువంటి పనులు చేయదు.

మూడో రోజు ఆ అర్జీ ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను. కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"నువ్వేనా రాసింది? ఇంగ్లీషు బాగుందయ్యా."

"థాంక్స్ సార్."

"అన్నీ రాశావు. అయితే కోళ్లు ఎందుకు చచ్చాయో మాత్రం ఇందులో లేదు. ఈయన విషం పెట్టలేదనుకుందాం. మరి ఏమైనట్టు?"

ఆయన నన్ను పట్టుకోవాలని అడగలేదు. మామూలుగా, ఒక ఖాళీ కనిపించి అడిగారు. నేను రెండు పేజీల్లో దాటిపోయిన చోటే ఆయన వేలు ఆగింది. మొత్తం చెప్పేశాను: కంచరగాడిద, సున్నపు గుంత, చాచా వద్దన్నది, నేను కాదన్నది, రెండుసార్లు ఆడిన అబద్ధం.

"తలుపు వెయ్యి" అన్నారాయన. వేశాను. ఆయన అర్జీ మడిచి పక్కన పెట్టారు. "రిపోర్టు వెళ్లిపోయిందయ్యా. కుట్ర అని నేను సంతకం పెట్టాను. ఇప్పుడు గాడిద అని రాయమంటావా?"

"గుంతల ఇంకా పురుగు ఉన్నది సార్. రెండు కోళ్లకు అది వేస్త. ఇంకో రెండింటికి లద్దె పురుగు వేస్త. మీ కళ్లతోని సూడండి."

"చూసి?"

"చాచాను ఇడిపియ్యండి సార్. నన్నేమన్న చేస్కోండి."

నన్నేమైనా చేసుకోండి అనడం ఎంత తేలికో తర్వాత తెలిసింది. ఏమీ చేయరని తెలిసినప్పుడు ఎవరైనా అనగలరు.

నాలుగు కోళ్లను ఆఫీసరుగారి గది వరండాలోనే రెండు గంపల కింద పెట్టాం. తెల్లారేసరికి ఒక గంపలో రెండూ మెడలు వాల్చాయి. పక్క గంపలో రెండూ గింజల కోసం కొట్టుకుంటున్నాయి. ఆఫీసరుగారు కిందికి వంగి, అచ్చం చాచాలాగే వేలితో మెడ ఎత్తి చూశారు. ఆయనలో న్యాయం లేకపోలేదు. కాకపోతే అది ఫైలు పట్టాల మీదే నడిచేది, పట్టాలు లేనిచోట దిగేది కాదు. కుట్ర అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి అంతకంటే పెద్ద మాట ఒకటి కావాలి. కాబట్టి కొత్త రిపోర్టు తయారైంది. శవాల్లో పుట్టిన పురుగు దాణాగా వాడితే కోళ్లకు ప్రాణాపాయమని మా ఫారం సిబ్బంది శ్రద్ధతో కనిపెట్టారని అందులో రాశారు. సిబ్బంది అంటే నేను. కోళ్లను చంపినవాడే చంపిన విధానం కనిపెట్టాడు కాబట్టి, ఒక రకంగా నిజమే.

చాచాను విడిచిపెట్టమని కాగితం వెళ్లింది. ఉద్యోగంలోకి తీసుకోమని మాత్రం వెళ్లలేదు. ఒకసారి అనుమానం మీద పట్టుకున్న మనిషిని ఆ రోజుల్లో మళ్లీ సర్కారు పనిలో పెట్టుకోవడం కుదరదన్నారు. "తప్పు నాది కద సార్" అన్నాను. "నీది పొరపాటు. అతనిది కేసు" అన్నారు. నేను ఒక్కసారే అడిగాను. ఆ మాట గట్టిగా గుర్తుంచుకోండి, ఒక్కసారే.

చాచా బయటికొచ్చే రోజు స్టేషన్ ముందు ఆయన భార్య పక్కన నిలబడ్డాను. గడ్డం మాసి ఉంది. లోపల కొట్టారో లేదో నేను అడగలేదు, కానీ నడక మారింది. నన్ను చూసి ఆగాడు.

"ఎన్ని బతికినయ్?"

"సగం కూడా లేవు చాచా."

"ఏడిది పురుగు?"

"ఖచ్చర్‌ది. దండుల చచ్చింది."

"ఎన్నడు చెప్పినవ్?"

"మూడో దినం."

ఆయన తల ఊపాడు. "కోడికి మెడ వాలనీకి ఒక్క రాత్రి సాలింది. నీకు మూడు దినాలు పట్టింది" అన్నాడు. అని, భార్య చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు. అర్జీ రాసినందుకు ఆమె నాకు దండం పెట్టింది. ఇంటికి వెళ్లాక ఆయన చెప్పి ఉంటాడు. ఆమె తర్వాత ఎప్పుడూ నా తల మీద చెయ్యి పెట్టలేదు.

నా ప్రమోషన్ ఆరు నెలల్లో వచ్చింది. తీసుకున్నాను. ఆ రిపోర్టు ఒక పత్రికలో నా పేరుతో వ్యాసమైంది. దాని మీద ఉపన్యాసాలిచ్చాను, కొత్తగా చేరిన కుర్రవాళ్లకు పాఠాలు చెప్పాను. చచ్చిన దాంట్లో పుట్టిన పురుగు కోడికి వేయకూడదని నేను చెప్తుంటే వాళ్లు నోటుబుక్కుల్లో రాసుకునేవాళ్లు. ఎందుకు వేయకూడదో కూడా తర్వాతెప్పుడో నాకు వేరే పుస్తకాల్లో దొరికింది. మెడలు వాలడానికి కారణమైన విషానికి పెద్ద పేరు ఉంది. ఒక ఆడమనిషి ఎప్పుడో తన కొడుక్కి పేరు లేకుండానే చెప్పిన సంగతి అది. ఆ ఆడమనిషి గురించి నేను ఏ ఉపన్యాసంలోనూ చెప్పలేదు.

చాచా తన గల్లీలోనే ఇంటి వెనక ఒక పందిరి వేసి కోళ్లు పెట్టాడు. కూతురు గుడ్లు గంపలో పెట్టుకుని బజారంతా తిరిగి అమ్మేది. మనవళ్లు బడికి వెళ్లే వయసుకొచ్చారు. నేను నెలకోసారైనా వెళ్లేవాణ్ని. మొదట్లో వెళ్లడానికి సిగ్గేసింది, వెళ్లకపోవడానికి ఇంకా సిగ్గేసింది. ఆయన తలుపు వేయలేదు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవాడు. నా పెళ్లి సంగతి, పిల్లల సంగతి అడిగేవాడు. "ఇంకేం డెవలప్ చేసినవ్?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో విషం లేదు. ఒకసారి ధైర్యం చేసి, మాఫ్ చేయమని అడిగాను. "చాయ్ సల్లారుతున్నది" అన్నాడు.

అలా ఎన్నేళ్లకో ఒకరోజు, పందిరి కింద పీట మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. పక్కన డబ్బాలో లద్దె పురుగు, పొద్దుటి దాణా కోసం. కోళ్లు నా కాళ్ల చుట్టూ చేరాయి. ఇంత కాలం కోళ్లతో బతికినవాణ్ని, చెయ్యి దానంతట అదే డబ్బాలోకి వెళ్లింది. చాచా మనవడి బడి గురించి ఏదో చెప్తున్నాడు. చెప్పేది ఆపకుండానే, నా వైపు చూడకుండానే, నా పిడికిలి మెల్లగా విప్పి పురుగుల్ని తిరిగి డబ్బాలో వేసుకున్నాడు. డబ్బా తన ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు తన చేత్తో చల్లాడు.

తర్వాత కూడా ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. ఆయన పోయేదాకా వెళ్లాను. చాయ్ ఏనాడూ తప్పలేదు. ఆయన కోళ్లలో ఒక్కదానికి కూడా నన్ను దాణా వేయనివ్వలేదు.